నూతన వాలిడేటర్ల ప్రవేశ విలంబము: ఒక అర్థవిచారము

శాస్త్రపదములకు తెలుగు మాట కూర్చువారు సాధారణముగ నిఘంటువును తెరతురు. ఆ పదము సూచించు వస్తువును తెరచి చూచుట అరుదు. ఈ అలవాటు మనలను ఎంత దూరము పెడత్రోవ పట్టింపగలదో తెలియుటకు ఇటీవలి పదమొకటి మంచి ఉదాహరణము. ధరావతు ఆధారముగ నడచు బ్లాక్‌చెయిను వ్యవస్థలలో క్రొత్తగా చేరు వాలిడేటరు సొమ్ము చెల్లించిన వెంటనే పనిలో ప్రవేశింపజాలడు. కొన్ని గంటలో, కొన్ని దినములో, ఒక్కొక్కప్పుడు నెలకు మించియో వేచియుండవలెను. ఆంగ్లమున దీనిని ‘యాక్టివేషన్ డిలే’ అందురు. ‘డిలే’ అనగానే మన చేతికి మొదట తగులు మాట ‘ఆలస్యము’. ఆ మాట వేసిన పిదప చదువరి ఆ నిరీక్షణను యంత్రలోపముగనో, కార్యాలయపు మందకొడితనముగనో తలచుట సహజము. వస్తుతత్త్వము అట్లు లేదు. ఆ నిరీక్షణలో ప్రధానభాగమును తొలగించినచో ఆ వ్యవస్థ ప్రజల కిచ్చుచున్న హామీయే తొలగిపోవును. మరియొక భాగము మాత్రము నిజముగనే అనవసరమైనది. అది 2025లో తొలగింపబడినది కూడ. ఈ రెంటిని వేరుపరచి చూపుటయే నా ఉద్దేశము.

తెలుగు శాఖవారి పత్రికలో ఈ చర్చ యేల యని కొందరికి తోచవచ్చును. ఈ వ్యవస్థలను గూర్చి వార్తలు, పాఠములు తెలుగున వ్రాయువారిలో మన శాఖలలో చదివినవారు కొందరుందురు. వారికి తగిన మాటను మనము ఈయకున్నచో ఏదో ఒక యంత్రానువాదము ఇచ్చును. అది ఇచ్చు మాట ఎట్టిదో ఊహింపవచ్చును.

మొదట వస్తువు. బ్లాక్‌చెయిను అనునది స్థూలముగ పెక్కుమంది కలిసి వ్రాయు ఒక చిట్టా. ఎవరు ఎవరికెంత యిచ్చిరో అందు వరుసగా ఎక్కుచుండును. కొన్ని పద్దులను చేర్చి కట్టిన ఒక్కొక్క కట్టను బ్లాకు అందురు. ప్రతి బ్లాకును తన ముందున్న బ్లాకును పేర్కొనును గనుక అవి గొలుసుగ నేర్పడుచున్నవి. ఈ చిట్టాకు కరణము లేడు. ప్రపంచమున పలుతావులనున్న కంప్యూటర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రతిని ఉంచుకొనును. రెండు ప్రతులు విభేదించినప్పుడు ఏది ప్రమాణము? 2009లో ఆరంభమైన బిట్‌కాయిను ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానము గణనశ్రమ: ఏ గొలుసు వెనుక ఎక్కువ విద్యుత్తు వ్యయించి చేసిన లెక్క కలదో అదియే ప్రమాణము. 2015లో ఆరంభమైన ఇథీరియము మొదట ఆ త్రోవనే నడచి, 2022 సెప్టెంబరు 15న దానిని విడిచినది. నాటినుండి దానికి ప్రమాణము శ్రమ కాదు, ధరావతు.

ధరావతు అను మాట మనకు ఎన్నికల మూలమున సుపరిచితము. అభ్యర్థి కొంత సొమ్ము ముందుగ కట్టును. నిర్ణీతమైన పాలు వోట్లు రానిచో దానిని కోల్పోవును. ఇథీరియమున సాక్ష్యము చెప్పదలచినవాడు కనీసము 32 ఈథర్లు ధరావతుగ కట్టవలెను. అట్లు కట్టి చిట్టా వ్రాతలో పాల్గొనువాడే వాలిడేటరు, అనగా ధ్రువీకరించువాడు. ‘వాడు’ అనుట వ్యవహారసౌలభ్యమునకే. నిజమునకు అది ఒక కంప్యూటరునందు నడచు ప్రోగ్రాము. దాని వెనుక ఒక వ్యక్తియో సంస్థయో ఉండును. ఒకే సంస్థకు వేలకొలది వాలిడేటర్లుండుటయు కలదు.

ఈ వ్యవస్థలో కాలమానము ఇట్లున్నది. 12 సెకనులు ఒక స్లాటు; 32 స్లాట్లు ఒక ఎపోక్. అనగా ఎపోక్ 6 నిమిషముల 24 సెకనులు; దినమునకు 225 ఎపోక్‌లు. ఎపోక్ అను మాటకు నిఘంటువు యుగమని అర్థము చెప్పును. ఆరు నిమిషముల యుగమును మన పౌరాణికులు అంగీకరింపరు గనుక ఆంగ్లపదమునే ఉంచితిని. ప్రతి స్లాటునకును చీటి పడిన వాలిడేటరు ఒకడు బ్లాకును ప్రతిపాదించును. ఎపోక్‌నకు ఒకమారు చొప్పున ప్రతి వాలిడేటరును తాను చూచిన గొలుసు ఇది యని సాక్ష్యము చెప్పును. ఎపోక్ మొదటనున్న బ్లాకును ఒక మజిలీ యందము. మొత్తము ధరావతు బరువులో మూడింట రెండు వంతులు ఒక మజిలీని సమర్థించి, దాని తరువాతి మజిలీకి కూడ అట్టి సమర్థనమే లభించినచో, మొదటి మజిలీ ఖరారైనట్లు లెక్క. సక్రమముగ నడచినప్పుడు ఇందులకు రెండు ఎపోక్‌లు, అనగా సుమారు 13 నిమిషములు పట్టును.

అబద్ధపు సాక్ష్యమునకు శిక్ష కలదు. ఒకే ఎపోక్‌నకు రెండు భిన్న సాక్ష్యములిచ్చినను, తన పూర్వసాక్ష్యమును చుట్టివచ్చునట్లు మరియొకటి ఇచ్చినను ధరావతులో కోత పడును. ఆ వాలిడేటరు జాబితానుండి వెలివేయబడును. సంతకములే రుజువు గనుక వేరుగ విచారణ అక్కరలేదు.

ఇక క్రొత్తవాని ప్రయాణమును అనుసరింతము. ధరావతులను స్వీకరించు కట్టుబాటు 2020 నవంబరులో పాత గొలుసుమీద తెరవబడినది. సాక్ష్యముల గొలుసు అదే సంవత్సరము డిసెంబరు 1న 21,063 వాలిడేటర్లతో ఆరంభమైనది. గమనింపదగిన సంగతి యేమనగా ఆనాడు అవి రెండు వేర్వేరు గొలుసులు. సొమ్ము చెల్లినది ఒక దానిమీద, ఉద్యోగము మరియొక దానిమీద. సొమ్ము చెల్లిన సంగతి క్రొత్త గొలుసునకు తెలియుట ఎట్లు? పాత గొలుసు అప్పటికింకను గణనశ్రమ ఆధారమున నడచుచున్నది. అందు చివరనున్న కొన్ని బ్లాకులు చెరిగి వానికి బదులు వేరు బ్లాకులు వచ్చుట అసంభవము కాదు. ధరావతు పద్దును చూచి ఒకనిని జాబితాలో చేర్చుకొనిన పిదప ఆ పద్దు చెరిగిపోయినచో, చిల్లిగవ్వ పెట్టని వాలిడేటరు సభలో మిగులును. అందుచేత 2048 బ్లాకుల వెనుకనున్న పద్దులనే చూడవలెనను నియమము పెట్టబడినది. అది నాటి లెక్కలో దాదాపు 8 గంటలు. ఆపైని ఏ స్థితిని నమ్మవలెనో నిర్ణయించుటకు 64 ఎపోక్‌ల వోటు, అనగా మరి 6 గంటల 50 నిమిషములు.

2022 సెప్టెంబరులో రెండు గొలుసులును ఏకమైనవి. సొమ్ము చెల్లిన సంగతియు సాక్ష్యమును ఒకే బ్లాకునందు ఇమిడినవి. నాటితో ఈ అర్ధదినపు నిరీక్షణకు కారణము పోయినది. కారణము పోయినను నియమము మాత్రము 2025 మే 7న జరిగిన పెక్ట్రా సంస్కరణము వరకు నిలిచియే యుండెను. దీనిని నేను నిస్సంకోచముగ ‘జాప్యము’ అందును. ఇల్లు మారినను పాత చిరునామాకే పోవు ఉత్తరము వంటిది ఇది. ఎవరికిని మేలు లేదు. కీడును పెద్దగా లేదు. మార్చుటకు తీరిక దొరకవలెను. విమర్శకులు ఇథీరియపు నిరీక్షణను నిందించునప్పుడు వారు చూపుటకు తగిన భాగము ఇదియొక్కటియే. కాని వారు సాధారణముగ దీనిని చూపరు. వరుసను చూపుదురు.

వరుస సంగతి చెప్పుటకు ముందు ఒక చిన్న మెట్టు కలదు. ధరావతు నమోదైన పిదప, ఆ నమోదు జరిగిన మజిలీ ఖరారగువరకు అభ్యర్థి ముందుకు సాగరాదు. దీనిలో చర్చింపదగిన దేమియు లేదు. ఖరారు కాని పద్దు ఒక కొమ్మమీద ఉండి మరియొక కొమ్మమీద లేకపోవచ్చును. అట్టి పద్దును బట్టి జాబితాను మార్చినచో ఏ కొమ్మ నిజమో తేల్చవలసిన జాబితాయే కొమ్మకొక తీరుగ నుండును. విటాలిక్ బ్యుటెరిన్, వర్జిల్ గ్రిఫిత్‌లు 2017లో వెలువరించిన కాస్పర్ సిద్ధాంతవ్యాసమున ఈ యోచన అప్పుడే కనబడును. ఖరారైన మజిలీలను వారు తరములుగ లెక్కించి, ఒక తరమునందు ధరావతు కట్టినవాడు రెండు తరములు గడచిన పిదప గాని సభలో చేరరాదని విధించిరి. నిరీక్షణ ఆచరణలో వచ్చిపడిన ఇబ్బంది కాదనియు, సిద్ధాంతమున ముందే పుట్టినదనియు చెప్పుటకు ఈ ఒక్క ఆధారము చాలును.

ఇప్పుడు వరుస. చేరదగినవారెందరున్నను ఎపోక్‌నకు ఇందరినే చేర్చుకొనవలెనని పరిమితి కలదు. 2020 నాటి నియమము ప్రకారము పనిచేయుచున్న వాలిడేటర్ల సంఖ్యను 65,536 చేత భాగింపగా వచ్చినంతమంది. అది 4 కంటె తక్కువైనచో 4. ఎపోక్‌నకు 4 అనగా దినమునకు 900 మంది. కంప్యూటరునకు 900 పేర్లు వ్రాయుట ఒక క్షణము పని. మరి ఈ పిసినారితన మేల? ఈ ప్రశ్నకు సమాధానము చిన్న లెక్కలో నున్నది. విద్యార్థులు కాగితము మీద వేసికొని చూచినచో బాగుండును.

జాబితాలో 900 మంది కలరనుకొందము. అందరి ధరావతును సమానము. ఒక నిర్ణయము ఖరారగుటకు 600 సాక్ష్యములు కావలెను. ఈ జాబితా యెదుటనే పరస్పరవిరుద్ధములైన రెండు నిర్ణయములు ఖరారైనవనుకొందము. సాక్ష్యములు మొత్తము 1,200, మనుష్యులు 900. కావున కనీసము 300 మంది రెండు వైపులను పలికియుండవలెను. వారి సంతకములే వారిని పట్టి యిచ్చును. ఈ వ్యవస్థ ఇచ్చు హామీ ఇదియే. మోసము జరుగదని అది చెప్పుట లేదు. జరిగినచో మొత్తము ధరావతులో మూడవవంతు శిక్షకు లోనుగాక తప్పదని చెప్పుచున్నది. దొంగతనము అసాధ్యమని కాక, దాని ఖరీదు ఇంత యని ముందే ప్రకటించుట వంటిది. ఆ ఖరీదు భరింపరానిదిగ నుండుటయే రక్షణ.

ఈ లెక్కలో మనము గుట్టుగ ఒక సంగతిని అంగీకరించితిమి: రెండు నిర్ణయములను తూచిన జాబితా ఒక్కటే యని. అది ఒక్కటి కాకున్నచో? గొలుసు ఒకచోట రెండు కొమ్మలుగ చీలినది. మొదటి కొమ్మమీద పాత 900 మందియే ఉన్నారు. రెండవ కొమ్మమీద 30 మంది వెడలిపోయి, వారి స్థానమున 30 మంది క్రొత్తవారు వచ్చిరి. ఉభయ జాబితాలకును సామాన్యులైనవారు 870 మంది. మొదటి కొమ్మమీద ఖరారునకు వలసిన 600 లో 30 మంది అచ్చటివారే దొరకుదురు. తక్కిన 570 సామాన్యులనుండి రావలెను. రెండవ కొమ్మమీదను అంతే. 570, 570 కలిసి 1,140, సామాన్యులు 870. రెండు వైపుల పలికినవారు కనీసము 270 మంది. మునుపు 300 ఉండిన సంఖ్య 270 అయినది. ఒక్కొక్క పేరు మారినకొలదియు హామీలో ఒక్కొక్కటి తరుగుచున్నది. 300 పేర్లు మారినచో? సామాన్యులు 600, ఒక్కొక్క వైపునకు 300 చొప్పున విడిపోవుదురు, రెండు వైపుల పలికినవాడు ఒక్కడును ఉండనక్కరలేదు. రెండు విరుద్ధ నిర్ణయములు ఖరారగును, శిక్షింపదగినవాడు లేడు. అన్ని సంతకములును న్యాయమైనవే.

ఇది లెక్క మాత్రమే కాదు. వెడలిపోయినవాడు తన ధరావతును వెనుకకు తీసికొని, ఆపైని తన పాత సంతకపు తాళముతో పాత కాలమునకు చెందిన మరియొక చరిత్రను వ్రాసినచో అతనికి పోవునది యేమియు లేదు. వచ్చిన క్రొత్తవారు వేరెవరో కానక్కరలేదు. ఒకే చేయి ఒక ద్వారమున వెడలి మరియొక ద్వారమున రావచ్చును.

నిత్యము చిట్టాను చూచుచుండువానికి ఇందువలన భయము లేదు. ఏ కొమ్మ ముందు వచ్చినదో వాడు కన్నులార చూచియున్నాడు. భయమంతయు చాలకాలము కంప్యూటరు మూసికొని మరల వచ్చువానికి, లేదా మొదటిసారి వచ్చువానికి. వాని యెదుట సమానముగ సంతకములు గల రెండు చరిత్రలు నిలుచును. 2014లోనే బ్యుటెరిన్ దీనికి ‘వీక్ సబ్జెక్టివిటీ’ అని పేరు పెట్టెను: చాలకాలము లేనివాడు తిరిగి వచ్చునప్పుడు నమ్మదగినవారి నుండి ఇటీవలి ఖరారైన మజిలీ యేదో తెలిసికొని మొదలుపెట్టవలెను. ఎంతకాలము లేకున్నను ఫరవాలేదు? ఈ ప్రశ్నకు సమాధానము జాబితా ఎంత వేగముగ మారుననుదానిపై ఆధారపడియున్నది. ఎపోక్‌నకు 65,536వ వంతు చొప్పున మారు జాబితాలో మూడవవంతు మారుటకు 21,845 ఎపోక్‌లు, అనగా సుమారు 97 దినములు పట్టును. ఇది హామీ పూర్తిగ హరించు హద్దు. ఆచరణలో పాటించు సురక్షితవ్యవధి దీనికంటె చాల తక్కువ. కాని పరిమితియే లేనిచో ఆ వ్యవధి ఒక్క రాత్రిగను ఉండవచ్చునని తెలిసికొనుట ముఖ్యము. ప్రారంభదినములలోని 4 అను కనిష్ఠసంఖ్య ఈ నిష్పత్తికంటె మిక్కిలి ఉదారమైనదనియు, అది పసివ్యవస్థ పెరుగుటకు ఇచ్చిన వెసులుబాటనియు గ్రహింపవలెను.

కనుక క్రొత్తవాడు వరుసలో నిలుచున్న దినములు వృథా కావు. అవి ఎన్నడో రాబోవు మరియొకనికి, తాను చూడని కాలమున జరిగినదానిని నమ్ముటకు వలసిన వ్యవధి. నిలుచున్నవానికి ఈ సంగతి ఎవరును చెప్పరు. వానికి తెలిసినదల్లా తన 32 ఈథర్లు ఫలము లేక పడియున్నవనియే.

ఈ పరిమితికి ఆంగ్లమున ‘చర్న్’ అను మాట వాడుదురు. చల్ల చిలుకుటకు వాడు మాటయే అది; వర్తకులు ఖాతాదారుల రాకపోకలకు దానిని వాడుకొనిరి; అచ్చటి నుండి ఇచ్చటికి వచ్చినది. ‘చిలుకు పరిమితి’ యనినచో తెలుగువాడు వెన్నకై ఎదురుచూచును. ‘రాకపోకల పరిమితి’ యనినచో అర్థము స్ఫుటము. పైగా వచ్చుటయు పోవుటయు రెండును హద్దునకు లోబడినవని ఆంగ్లపదముకంటె బాగుగ తెలుపును.

వరుసలో నిలుచుట యెంత బాధాకరమో 2023లో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 12 వరకు ధరావతును వెనుకకు తీసికొను ద్వారమే తెరవబడలేదు. అది తెరచిననాడు జనులు గుంపులుగ వెడలిపోవుదురని పలువురు అనుకొనిరి. సొమ్ము తిరిగి వచ్చునను నమ్మకము కలుగుటచేత జరిగినది విపరీతము: రాదలచినవారు మూగిరి. పనిచేయుచున్న వాలిడేటర్లు 6 లక్షలున్నప్పుడు ఎపోక్‌నకు 9 మంది, దినమునకు 2,025 మంది మాత్రమే ప్రవేశింపగలరు. జూన్ నెలకు వరుస 40 దినములను దాటినది.

ఇచ్చట నాకు మెచ్చదగినదిగ తోచిన అంశ మొకటి కలదు. ఇథీరియమున సామాన్యమైన పద్దు ఎక్కించుటకు ఎక్కువ రుసుము చెల్లించువాడు ముందునకు పోవచ్చును. అది బహిరంగముగ ఒప్పుకొనబడిన వేలము. వాలిడేటర్ల వరుసలో అట్టిది లేదు. 2025 మే వరకు అర్హత పొందిన ఎపోక్ ముందు, సమానమైనచో నమోదుసంఖ్య ముందు అను క్రమము నడచినది. అంతకుమించిన తారతమ్యము లేదు. వెయ్యిమందిని దింపు సంస్థయు, ఒక్కటే పెట్టుకొనిన గృహస్థుడును ఒకే వరుసలో నిలువవలెను. ఐతే సమత యనునది ఇంతవరకే. సభలో ప్రవేశించిన పిదప మాట బరువు ధరావతును బట్టియే. ఒక మనిషికొక వోటు అను న్యాయము ఇచ్చట లేదు. ఈ భేదమును మరచి ఎన్నికలతో పోలికను చాలదూరము సాగదీయువారు విద్యార్థులను తప్పుత్రోవ పట్టింతురు.

2024 మార్చి 13న ప్రవేశమునకు ఎపోక్‌నకు 8 మంది అను గరిష్ఠహద్దు పెట్టబడినది. దీనికి హేతువు వేరు. ప్రతి వాలిడేటరును ఎపోక్‌నకు ఒక సాక్ష్యము పంపును. సంఖ్య పెరిగినకొలది ఆ సందేశములను మోయు కంప్యూటర్లకు బరువు పెరుగును. భద్రతాహేతువుతో పుట్టిన నియమమునకు భారహేతువు జతపడినది.

2025 మే సంస్కరణమున ఒక వాలిడేటరు 32 ఈథర్లకు బదులు 2,048 వరకు బరువు కలిగియుండుటకు వీలు కలిగినది. వాలిడేటర్ల బరువులు సమానములు కానప్పుడు తలలను లెక్కించుటలో అర్థము లేదు. అందుచేత హద్దును ఈథర్లలో చెప్పిరి: ఎపోక్‌నకు 256 మించరాదు. 8 మంది, 32 చొప్పున 256. అనగా దినమునకు 57,600 ఈథర్లు, పాత లెక్కయే. కాని ఇప్పుడు వరుసలో నిలుచునది మనిషి కాదు, ధరావతు. అదివరకే పనిలోనున్న వాలిడేటరు తన బరువు పెంచుకొనుటకు చెల్లించు అదనపు సొమ్మును అదే వరుసలో నిలువవలెను. మనము పైని వేసిన లెక్కకు ఇంతకంటె మంచి నిరూపణము లేదు: హద్దు పెట్టినది క్రొత్తదనమునకు కాదు, బరువు మారు వేగమునకు. మొత్తము ధరావతును 3 కోట్ల ఈథర్లుగ తీసికొనినచో అందు మూడవవంతు మారుటకు ఇప్పుడు సుమారు 174 దినములు పట్టును.

వరుస తుదిముట్టినను అభ్యర్థి ఆ క్షణముననే సభలో కూర్చుండడు. ఆ ఎపోక్ ముగిసిన మీదట మరి నాలుగు ఎపోక్‌లు, అనగా 25 నిమిషముల 36 సెకనులు గడువవలెను. ఇది చిన్నదేకాని దీని హేతువు సొగసైనది. ఎవరు ఏ స్లాటునకు బ్లాకు ప్రతిపాదింపవలెనో చీటిచే నిర్ణయింతురని చెప్పితిని. ఆ చీటిని వేయువాడు ఒకడు లేడు. బ్లాకు ప్రతిపాదించు ప్రతివాడును తన వంతుగ ఒక రహస్యసంఖ్యను కలుపగా ఏర్పడిన మిశ్రమమే చీటి. ఒక ఎపోక్‌నకు వలసిన చీటి దానికి రెండు ఎపోక్‌ల ముందటిది ముగియునప్పుడు తేలును. చీటి తేలిన పిదప జాబితాలో ఒక పేరు చేర్చుటకు గాని తీయుటకు గాని వీలున్నచో, ఫలితమును ముందే చూచినవాడు తనకు అనుకూలించు జాబితాను కుదుర్చుకొనును. అందుచేత జాబితాను ఐదు ఎపోక్‌ల ముందే మూసివేయుదురు. మన 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమున నామినేషన్ల చివరి తేదీ దాటిన పిదప వోటర్ల జాబితాలో పేరు చేర్చరాదని 23వ సెక్షను చెప్పుచున్నది. పోటీ చేయువారెవరో తేలిన పిదప వోటర్లను కూర్చుకొనరాదను న్యాయమే అది. రెండు నియమములును ఒకదాని నొకటి ఎరుగవు. ఎరిగిన భయము మాత్రము ఒక్కటే.

ఇతర వ్యవస్థలు ఈ భయమునకు వేరువేరు ఏర్పాట్లు చేసికొనినవి. కార్డానోలో ఎపోక్ ఐదు దినములు. ఒకడు తన బరువును ఒకరికి అప్పగించినచో అది రెండు ఎపోక్‌ల హద్దులు దాటిన పిదపనే లెక్కకు వచ్చును. కాస్మాస్ హబ్‌లో లోపలికి వచ్చుట మిక్కిలి త్వరితము, కాని వెడలదలచినవాని సొమ్ము 21 దినములు బంధింపబడియుండును. ద్వారము ఎటువైపు ఇరుకుగ నుండవలెననుదానిలో భేదమేకాని, ఇరుకు లేని ద్వారము పెట్టుటకు ఎవరును సాహసింపలేదు.

ఇంతవరకు వచ్చితిమి గనుక మాటల సంగతి. సంస్కృతమున ఆలస్యమనగా అలసుని భావము, సోమరితనము. తెలుగున ఆ అర్థము సడలి కాలము మీరుటయను అర్థము నిలిచినది. ఐనను దోషవాసన పోలేదు. ‘ఆలస్యమైనది’ అనినవాడు ఎవరినో ఒకరిని తప్పుపట్టుచునే యుండును. ‘విలంబము’నకు ఆ దోషము తక్కువ, సంగీతమున విలంబకాలము గుణమేకాని లోపము కాదు. అందుచే మొత్తము నిరీక్షణకు సామాన్యనామముగ దానిని గ్రహించితిని. విడివిడిగ చూచినప్పుడు మాత్రము తేటమాటలే మేలు. చీటికి ముందటి నాలుగు ఎపోక్‌లు ‘గడువు’. రాకపోకల పరిమితిచే కలుగునది ‘వరుస’. దానికి క్యూ అనినను నాకు అభ్యంతరము లేదు. 2025 వరకు ఊరక నిలిచిన అర్ధదినము ‘జాప్యము’. ఆంగ్లమున ఈ మూడును ‘డిలే’ అను ఒక్క గోనెసంచిలో పడియున్నవి. అందుచేతనే ఆంగ్లమున చర్చించువారు సైతము జాప్యమును తీసివేయవలెనను వాదముతో వరుసను తీసివేయవలెనని తీర్మానింతురు. తెలుగున ఆ పొరపాటునకు చోటీయకుండుటకు మనకు మాటలు సిద్ధముగ నున్నవి.

నిష్క్రమణమును గూర్చి ఒక మాట మిగిలినది. వెడలదలచినవాడును రాకపోకల పరిమితికి లోబడినవాడే. 2025 సెప్టెంబరులో బయటికి పోవువారి వరుసయే 40 దినములను దాటినది. వరుస ముగిసి సాక్ష్యము చెప్పుట మానిన పిదప కూడ 256 ఎపోక్‌లు, అనగా 27 గంటలకు పైగా అతని సొమ్ము కదలదు. ఆ వ్యవధిలో అతడు ముందు చెప్పిన అబద్ధమేదైన బయటపడినచో కోత పడును. అది దాటిన పిదప వాలిడేటర్ల జాబితా వెంబడి క్రమముగ తిరుగుచుండు చుట్టు అతని సంఖ్యను చేరినప్పుడు, అతడు మరల అడుగకయే, ముందుగ వ్రాసియిచ్చిన చిరునామాకు సొమ్ము వాపసు చేరును. అతడు మరల రాదలచినచో పాత పరిచయము పనికిరాదు. వరుస చివరనే నిలువవలెను.